పసి చర్మానికి నీడేది?

మార్చి సగానికి వచ్చేసరికి తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. తెలంగాణలో పొద్దున ఎనిమిదికి, ఆంధ్రప్రదేశ్‌లో పావు తక్కువ ఎనిమిదికి గంట కొట్టి, మధ్యాహ్నం 12.30కి వదిలేస్తారు. మధ్యాహ్నపు వేడి నుంచి పిల్లల్ని తప్పించాలన్నది ఉద్దేశం. వేడి వరకూ అది మంచి ఏర్పాటే. రోజులో వేడి ఎక్కువగా ఉండేది రెండు, నాలుగు గంటల మధ్య. అప్పటికి పిల్లలు ఇల్లు చేరుకుంటారు.

చర్మం లెక్క వేరు. మన గడియారాలన్నీ కాకినాడకు దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి తిరుగుతాయి. హైదరాబాద్ ఆ రేఖకు నాలుగు డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం పావుగంట ఆలస్యం. మార్చి నడుమ దానికి మరో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు కలుస్తాయి. అంటే ఒంటిపూట బడుల రోజుల్లో హైదరాబాద్‌లో అసలైన మిట్టమధ్యాహ్నం 12.15, 12.25 మధ్య వస్తుంది. సరిగ్గా ఆ వేళకే పిల్లలు సంచులు భుజాన వేసుకుని రోడ్డు మీదికి వస్తున్నారు.

ఎక్కువమంది పిల్లలకు ఆ నడక గుర్తు కూడా ఉండదు. ఇంటికెళ్లి కాళ్లు చేతులు కడుక్కుని అన్నం తిని ఆటకు పోతారు. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం దండిగా ఉండటం వల్ల దక్కిన రక్షణ అది. కానీ అందరికీ అంత తేలిగ్గా గడవదు. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎగ్జిమాతో రక్తం వచ్చేదాకా గీరుకునే పిల్లలున్నారు. ఎండ తగిలిన సాయంత్రానికి చేతుల మీద, చెవుల అంచుల మీద దురద పొక్కులు తేలేవాళ్లున్నారు. ఏ క్రీము రాసినా "అమ్మా, మంట" అని ఏడ్చేవాళ్లున్నారు. ఈ కథనం వాళ్ల గురించి. మా ఇంట్లోనూ అలాంటి పిల్ల ఉంది. మందుల షాపులో రంగురంగుల ట్యూబుల ముందు నిలబడి ఏది తీసుకోవాలో తేలని తల్లి అవస్థ నేను దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను.

సున్నితమైన చర్మానికి మంచి సన్‌స్క్రీన్ ఏది అని అందరం అడుగుతాం. నన్నడిగితే ఆ ప్రశ్న చిట్టచివర రావాలి. ముందు వేళ చూసుకోవాలి, తర్వాత నీడ, ఆ తర్వాత బట్ట. ఈ మూడూ కప్పలేని చోటికే క్రీము.

వేడి వేరు, కిరణం వేరు

మనకు ఎండంటే వేడే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. రెంటచింతలలో, రామగుండంలో ఎన్ని డిగ్రీలు నమోదయ్యాయో పేపర్లో వెతుక్కుంటాం. చర్మాన్ని కమిలించేది మాత్రం ఆ డిగ్రీలు కాదు, అతినీలలోహిత కిరణాలు. కంటికి కనిపించవు, ఒంటికి తగిలినట్టూ తెలియదు. వీటిలో 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ చర్మం పైపొరను కాలుస్తుంది. 315 నుంచి 400 దాకా ఉండే యూవీఏ ఇంకా లోతుకు దిగుతుంది. కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది గానీ యూవీఏను లోపలికి రానిస్తుంది. స్కూలు బస్సులో రోజూ ఎండవైపు కిటికీ దగ్గరే కూర్చునే పిల్లకు ఒకవైపు చెంపే ఎక్కువ ఎర్రబడుతోందంటే ఇది గుర్తుకు తెచ్చుకోవాలి.

ఈ కిరణాల జోరును కొలిచే యూవీ ఇండెక్స్‌ను 1992లో కెనడా మొదలుపెట్టింది. ఇప్పుడది ప్రతి ఫోనులోనూ వాతావరణం చూపే చోట కనిపిస్తుంది, మనమే చూడం. మూడుకు చేరితే జాగ్రత్త పడమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఎనిమిదికి చేరితే చాలా ఎక్కువ, పదకొండుకు చేరితే తీవ్రం. మన ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు పదకొండు దాటడం మామూలు విషయం. కారణం మనమున్న చోటే. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు మన నెత్తిమీద నిట్టనిలువుగా నిలబడతాడు. తిరుపతిలో ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ మరోసారి. హైదరాబాద్‌లో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో. ఆ రోజు మధ్యాహ్నం కొద్దిసేపు నిలువు కర్రకు నీడే పడదు.

ఆగస్టు అనగానే వానాకాలం కదా, ఎండెక్కడిదంటారు. పలుచటి మబ్బు యూవీ కిరణాల్లో తొంభై శాతానికి పైగా కిందికి వదిలేస్తుంది. ముసురు పట్టిన రోజు సంగతి వేరు గానీ, తెల్లటి మబ్బు కమ్మిన రోజును నమ్మడానికి లేదు. చలిప్రదేశాలనూ నమ్మలేం. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే యూవీ పది శాతం దాకా పెరుగుతుంది. లంబసింగిలో, అరకులో మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది కాబట్టి పిల్లలు గంటల తరబడి ఆరుబయటే ఆడతారు. విశాఖ బీచ్‌లో అయితే పైనుంచి వచ్చేది చాలనట్టు ఇసుక మరో పదిహేను శాతం, అలల నురగ పాతిక శాతం దాకా ఎగజిమ్ముతాయి. గొడుగు కింద కూర్చోబెట్టిన పిల్లకూ మొహం కమలడం అందుకే.

ఈ లెక్కలన్నీ పిల్లలకు చెప్పక్కర్లేదు. వాళ్లకు ఒక్కటి నేర్పితే చాలు: "నీ నీడ నీకంటే పొట్టిగా ఉందా, నీడలోకి రా." సూర్యుడు నలభై ఐదు డిగ్రీలకంటే పైకెక్కినప్పుడు మన నీడ మనకంటే చిన్నదవుతుంది. యూవీ చెలరేగేదీ ఆ సమయంలోనే. ఐదేళ్ల పిల్లలకు ఇది ఎంతో ఇష్టమైన ఆట అవుతుంది, మనకే గుర్తుచేస్తారు.

ఏ చర్మానిది ఏ బాధ

సున్నితమైన చర్మం అని ఒకే పేరు పెడతాం గానీ లోపల కథలు వేరు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చర్మం పైపొర గట్టిగా ఉండదు. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి రసాయనాలు లోపలికి దిగుతాయి. మామూలు పిల్లకు ఏమీ కాని క్రీము వీళ్లకు భగ్గున మండేది అందుకే. వీళ్లకు ఎండతో ఉన్న సంబంధం కూడా చిత్రమైనది. కొందరికి లేత ఎండలో ఎగ్జిమా తగ్గుతుంది. ఆస్పత్రుల్లో 311 నానోమీటర్ల యూవీబీ దీపాలతో దీనికి వైద్యమే చేస్తారు. కానీ మన ఎండ ఒంటరిగా రాదు, చెమటను వెంటబెట్టుకుని వస్తుంది. చెమట, ఉక్క దురదను రేపుతాయి. దురద గీరిస్తుంది, గీరిన చోట పుండు పడుతుంది. అందుకని ఈ పిల్లలకు ఎండ కాపు అంటే చల్లగా ఉంచడం కూడా. జిడ్డుగా, మందంగా ఉండే క్రీము పట్టించి ఎండలోకి పంపితే చెమట రంధ్రాలు మూసుకుపోయి చెమటకాయలు అదనం.

ఎండ పడిన కొన్ని గంటలకో, మర్నాటికో చేతుల మీద, మెడ మీద చిన్న చిన్న దురద పొక్కులు లేస్తే అది చాలావరకు పాలీమార్ఫస్ లైట్ ఎరప్షన్. చలికాలం పోయి ఎండలు ముదిరే రోజుల్లో వస్తుంది, వేసవి సాగేకొద్దీ చర్మం అలవాటుపడి తగ్గుతుంది. చిన్న జుట్టు ఉన్న మగపిల్లలకు చెవుల అంచుల మీదే రావడం కద్దు. తల్లులు దీన్ని వేడి చేసిందనో, మామిడిపళ్లు ఎక్కువయ్యాయనో అనుకుంటారు. పళ్లు మాన్పిస్తారు, పిల్లవాణ్ని మాత్రం అదే వేళకు బయటికి పంపుతారు.

ఇక బుగ్గల మీది పాలిపోయిన మచ్చలు. వైద్యులు పిటిరియాసిస్ ఆల్బా అంటారు. ఇళ్లలో నులిపురుగులనీ, కాల్షియం తక్కువనీ అంటారు, బొల్లి అని భయపడేవాళ్లూ ఉన్నారు. ఇది పొడిబారిన చర్మంలో వచ్చే తేలికపాటి ఎగ్జిమా. అంచులు కలిసిపోయినట్టు ఉంటాయి, మీద సన్నటి పొట్టు లేస్తుంది. బొల్లి మచ్చ సుద్దలా తెల్లగా, అంచు గీసినట్టు ఉంటుంది. ఎండాకాలంలో చుట్టూ ఉన్న చర్మం నిగారింపుగా నల్లబడుతుంది, పిటిరియాసిస్ ఆల్బా మచ్చ మాత్రం నల్లబడదు, అందుకే అప్పుడు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రోజూ రెండు పూటలా మాయిశ్చరైజర్, ఎండకు కాస్త మరుగు ఉంటే నెలల మీద దానంతటదే కలిసిపోతుంది. నులిపురుగుల మాత్ర వేస్తే వేయవచ్చు, మచ్చకు దానితో పనిలేదు.

పిల్లలు వాడే మందుల్నీ ఓ కంట చూడాలి. డాక్సీసైక్లిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ చర్మాన్ని ఎండకు లొంగదీస్తాయి. ఎగ్జిమాకు ఇచ్చే టాక్రోలిమస్ పూత వాడేటప్పుడు ఎండ తగ్గించమని వైద్యులు చెబుతారు. చెప్పకపోతే అడగాలి.

ట్యూబు లెక్క

క్రీము కంటే బట్ట ముందని ఎందుకంటున్నానో ఒక చిన్న లెక్క చెబుతుంది. సన్‌స్క్రీన్ ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ సంఖ్యను ప్రయోగశాలలో తేల్చేటప్పుడు చర్మం మీద చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల క్రీము పూస్తారు. 20 కిలోల బరువున్న పిల్ల, అంటే ఆరేళ్ల పిల్ల ఒంటి విస్తీర్ణం దాదాపు ఎనిమిది వేల చదరపు సెంటీమీటర్లు. ఒళ్లంతా ఆ మందాన పూయాలంటే ఒక్కసారికి 16 గ్రాములు కావాలి. పొట్టి చేతుల చొక్కా, నిక్కరు వేసుకుంటే బయట కనిపించేది మూడోవంతు అనుకుందాం. ఐదు గ్రాములు పైచిలుకు. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు ఐదు రోజులకు అయిపోతుంది. వందలు పోసి కొన్న ట్యూబును ఐదు రోజుల్లో ఖాళీ చేసే ఇల్లు ఎక్కడుంది? అందుకే పలుచగా పులుముతాం. ప్రజలు మామూలుగా రాసుకునేది పరీక్షలో వాడినదాంట్లో పావు నుంచి సగం మాత్రమేనని పరిశోధనలు చెబుతున్నాయి. డబ్బా మీది 50 మన పిల్ల చేతి మీద 50 కాదు.

అదే పిల్లకు పొడుగు చేతుల నూలు చొక్కా, చీలమండల దాకా పైజామా, అంచున్న టోపీ పెట్టి చూడండి. మొహం, చెవులు, మెడ ముందు భాగం, అరచేతుల వెనక భాగం మిగులుతాయి. ఒకటిన్నర గ్రాములు చాలు. రోజుకు ఒకసారి చొప్పున రాస్తే అదే ట్యూబు నెల దాటి వస్తుంది, అదీ పలుచన చేయకుండా. క్రీము పడని పిల్లకు క్రీము తగిలే చోటు కూడా తగ్గిపోయింది.

డబ్బా మీది సంఖ్య కూడా ఎప్పుడూ నిజం చెప్పదు. ఆస్ట్రేలియాలో వినియోగదారుల సంస్థ చాయిస్ 2025 జూన్‌లో ఇరవై సన్‌స్క్రీన్లను పరీక్షకు పంపితే పదహారు తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్‌ను అందుకోలేదు. సన్‌స్క్రీన్‌ను మందుల స్థాయిలో నియంత్రించే దేశంలోనే ఇలా ఉంది. మన దగ్గర ఇది సౌందర్య సాధనాల కిందికి వస్తుంది.

బట్ట విషయంలో ఆస్ట్రేలియానే చాలా ముందు మేలుకుంది. బట్ట ఎంత యూవీని ఆపుతుందో కొలిచే యూపీఎఫ్ ప్రమాణాన్ని 1996లో ఆ దేశం, న్యూజిలాండ్ కలిసి తెచ్చాయి. యూపీఎఫ్ 50 అంటే యాభై వంతుల్లో ఒక వంతే లోపలికి పోతుందని. పలుచటి తెల్ల టీషర్టుకు ఇది పదిలోపే ఉంటుంది, తడిసిందంటే ఇంకా పడిపోతుంది. నేత చిక్కగా ఉన్నది, కాస్త ముదురు రంగుది, వదులుగా ఉన్నది మేలు. యూపీఎఫ్ చీటీ ఉన్న బట్టలు ఖరీదు. మన చేనేత నూలు, ఖద్దరు చాలు. కొనేముందు బట్టను వెలుతురుకు పట్టి చూడండి. అవతలి బల్బు ఆకారం స్పష్టంగా కనబడితే అది ఎండకు పనికిరాదు. ఎగ్జిమా పిల్లలకు పాలియెస్టర్ ఈత చొక్కాలు ఉక్కపోసి దురద పెట్టవచ్చు, కొత్త బట్టను రెండుసార్లు ఉతికి తొడగాలి. టోపీకి చుట్టూ మూడు అంగుళాల అంచు ఉండాలి. క్రికెట్ టోపీ నుదురును కాపాడుతుంది గానీ చెవుల్ని, మెడను ఎండకు వదిలేస్తుంది. స్కూటీ ముందు నిలబడి వెళ్లే పిల్లకు గొడుగు పట్టలేం. మెడకు, చేతులకు అమ్మ పలుచటి చున్నీ కంటే చిక్కటి తువ్వాలు నయం.

ఆస్ట్రేలియాలో ప్రాథమిక బడుల్లో టోపీ లేని పిల్లల్ని ఆటస్థలంలోకి రానివ్వరు, నీడపట్టునే ఉంచుతారు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో పిల్లలకు బడిసంచితో పాటు టోపీ కూడా అలవాటు. అక్కడ చర్మ క్యాన్సర్ ఎక్కువ కాబట్టి 1981 నుంచీ పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. మనకు ఆ క్యాన్సర్ భయం అంత లేదు. అయినా మన బడుల్లో యూనిఫాం, టై, బూట్లు, బెల్టు అన్నీ తప్పనిసరి చేసి, వీటిలో పిల్లకు నిజంగా పనికొచ్చే టోపీని మాత్రం ఎందుకు వదిలేశారు? ప్రార్థనను వరండాలోకి మార్చడానికి, ఆటల పీరియడ్‌ను మొదటి గంటకు జరపడానికి రూపాయి ఖర్చు లేదు. ఒంటిపూట బడి అరగంట ముందు మొదలై అరగంట ముందు వదిలినా సూర్యుడు నడినెత్తికి రాకముందే దగ్గరి పిల్లలు ఇల్లు చేరతారు. తల్లిదండ్రుల సమావేశంలో ఫీజుల గురించి ఎలా అడుగుతామో దీని గురించీ అలాగే అడగాలి.

డబ్బా వెనక అక్షరాలు

సరే, క్రీము. ముందువైపు బొమ్మ, కార్టూను, "కిడ్స్" అన్న మాట పట్టించుకోవద్దు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. సన్‌స్క్రీన్లలో కిరణాల్ని ఆపే పదార్థాలు రెండు జాతులు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఖనిజాలు. ఇవి చర్మంలోకి ఇంకకుండా పైనే ఉంటాయి, అలర్జీ తెప్పించడం అరుదు. రెండోవి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్, ఏవోబెంజోన్ లాంటి సేంద్రియ రసాయనాలు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో పెట్టిన ప్రతిపాదనలో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండింటినే సురక్షితమని ఒప్పుకుంది. ఆక్సీబెంజోన్ సహా పన్నెండింటి మీద మరింత సమాచారం కావాలంది. అవి ప్రమాదకరమని కాదు, తేలాల్సింది ఉందని. కానీ బెంజోఫినోన్లు, అంటే ఆక్సీబెంజోన్ కుటుంబం, చర్మ అలర్జీలకు పేరుపడ్డవి. అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2014లో వాటిని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. అంతకు ముందు ఏడాది ఆ పేరు మిథైల్‌ఐసోథయాజోలినోన్ అనే నిల్వ రసాయనానికి దక్కింది. పిల్లల లోషన్ల వెనకా ఆ పేరు కనబడవచ్చు.

కాబట్టి వెతకాల్సింది: జింక్ ఆక్సైడ్ పేరు పైవరసలో ఉండటం, ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50, బ్రాడ్ స్పెక్ట్రమ్ అన్న మాట లేదా పీఏ పక్కన మూడు నాలుగు ప్లస్ గుర్తులు. ఆ ప్లస్‌లు జపాన్ వాళ్ల పద్ధతి, యూవీఏను ఎంత ఆపుతుందో చెబుతాయి. ఎస్‌పీఎఫ్ మాత్రం యూవీబీ సంగతే చెబుతుంది. సరిగ్గా రాస్తే 30 దాదాపు 97 శాతాన్ని, 50 దాదాపు 98 శాతాన్ని ఆపుతాయి. ఆ ఒక్క శాతం కోసం వంద అని రాసిన డబ్బాకు రెట్టింపు డబ్బు పెట్టక్కర్లేదు. సువాసన ఉండకూడదు. గులాబీ, గంధం, కలబంద పేర్లున్న "హెర్బల్" క్రీముల్లో సువాసన తైలాలుంటే అవీ సువాసనలే, చర్మం వాటిని వేరుగా చూడదు. స్ప్రేలు వద్దు, పిల్లలు పీల్చేస్తారు. జెల్‌లలో ఆల్కహాల్ ఉంటే పగిలిన చర్మం మీద నిప్పు పెట్టినట్టుంటుంది. హైపోఅలర్జెనిక్ అన్న మాటకు తమ దగ్గర చట్టపరమైన నిర్వచనం లేదని ఎఫ్‌డీఏ స్వయంగా చెబుతుంది, ఆ మాట చూసి ధీమా పడొద్దు.

జింక్ క్రీముకు ఒక ఇబ్బంది ఉంది. మన రంగు మీద బూడిద పూసినట్టు తెల్లగా కనబడుతుంది. చిన్నపిల్లలు పట్టించుకోరు గానీ ఎనిమిదేళ్లు దాటాక బడిలో నవ్వుతారని రాయించుకోరు. లేత గోధుమ, చామనఛాయ రంగు కలిపినవి ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆ రంగు ఐరన్ ఆక్సైడ్‌ది. బాగా తెలుపు తేలే క్రీము తెచ్చి పిల్లతో యుద్ధం చేసే కంటే, కాస్త రంగున్నది తెచ్చి రోజూ రాయడం మేలు.

ఇంట్లో ఉన్న డైపర్ రాష్ క్రీములోనూ, కాలమైన్ లోషన్‌లోనూ జింక్ ఉంది కదా, అదే రాస్తే పోలేదా అని అడుగుతారు. వాటిని ఎండ కోసం తయారు చేయలేదు, ఎస్‌పీఎఫ్ పరీక్ష చేయలేదు. చర్మం మీద సమంగా పరుచుకుంటాయన్న భరోసా లేదు.

కొన్న వెంటనే మొహానికి రాయొద్దు. మోచేతి మడతకు కొద్ది కింద, రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు వారం రోజులు రాసి చూడండి. కొన్ని అలర్జీలు ఎండ తగిలితేనే బయటపడతాయి కాబట్టి ఆ చోటికి కాసేపు ఎండ తగలనివ్వండి. ఎర్రబడకపోతే, దురద పుట్టకపోతే మొహానికి వెళ్లవచ్చు. ఎగ్జిమా ఎర్రగా రేగి ఉన్న వారంలో కొత్త క్రీము ఏదీ మొదలుపెట్టొద్దు, నీళ్లు తగిలినా మండే చర్మం మీద ఏ పరీక్షా నిలవదు.

రాసేటప్పుడు ముందు మాయిశ్చరైజర్, అది ఇంకడానికి పది పదిహేను నిమిషాలు, ఆపైన సన్‌స్క్రీన్. బయల్దేరడానికి పావుగంట ముందే ముగించాలి. గడపలో చెప్పులు వేసుకుంటూ రాస్తే అది కాలరుకు అంటుకుంటుంది. చెవుల వెనక, మెడ వెనక, పాపిట, పాదాల పైభాగం మరిచిపోతాం. చెమట కళ్లలోకి కారి మండుతుందంటే కళ్ల చుట్టూ, నుదుటి మీద జింక్ స్టిక్ వాడితే జారదు. రెండు గంటలకోసారి, చెమట తుడిచాక, ఈత తర్వాత మళ్లీ రాయాలి. ఈతకు సాయంత్రం నాలుగు దాటాక పంపితే సగం గొడవ లేదు. కొలనులో అర మీటరు లోతున కూడా పైన ఉన్న యూవీలో నలభై శాతం ఉంటుంది. క్లోరిన్ ఎగ్జిమాను రేపుతుంది కాబట్టి బయటికి రాగానే మంచినీళ్లు పోసి మాయిశ్చరైజర్ రాయాలి. సాయంత్రం సబ్బు లేని క్లెన్సర్‌తో మెల్లగా కడగాలి, పీచు పెట్టి రుద్దకూడదు.

ఆరు నెలలలోపు పసికందుకు సన్‌స్క్రీన్ ఆలోచనే వద్దు. నీడ, చిక్కటి బట్ట, అంతే. పొద్దున ఎండ చూపించే అలవాటు ఉన్న ఇళ్లలో అది ఏడున్నర లోపు ముగియాలి.

నలుగు, నిమ్మకాయ, నలుపు

ఎగ్జిమా పిల్లకు సున్నిపిండితో నలుగు పెడితే ఉన్న పైపొర కూడా ఊడుతుంది. పసుపు, శనగపిండి సంగతీ అంతే, రుద్దడమే అసలు కీడు. కొబ్బరినూనె మంచి మాయిశ్చరైజర్, ఎండను ఆపేది మాత్రం కాదు. అన్నిటికంటే భయపడాల్సింది నిమ్మరసానికి. నిమ్మతొక్కలో, రసంలో ఫ్యూరోకుమారిన్లనే పదార్థాలుంటాయి. అవి చర్మానికి అంటుకుని ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో బొబ్బలు లేస్తాయి, మానాక నల్లటి చారలు నెలల తరబడి ఉండిపోతాయి. నలుపు పోవాలని మొహానికి నిమ్మరసం రాసి బడికి పంపడమంత చేటైన పని మరొకటి లేదు. ఎండాకాలం నిమ్మకాయ పిండి షర్బత్ చేసిన పిల్లల చేతుల్ని బయటికి పంపే ముందు సబ్బుతో కడిగించండి.

నలుపు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. "ఎండలో తిరక్కే తల్లీ, నల్లబడిపోతావు, రేపు నిన్నెవరు చేసుకుంటారే" అని అమ్మమ్మలు అంటారు. ఆ మాట ప్రేమతోనే వస్తుంది, ఏడేళ్ల పిల్ల మనసులో ముల్లులా దిగుతుంది. ఎండలో నల్లబడటం చర్మం తనను తాను కాచుకోవడం. 1979లో జరిగిన ఒక పరిశోధనలో నల్లజాతి వారి చర్మపు పైపొరకు సహజంగానే 13.4 ఎస్‌పీఎఫ్‌కు సమానమైన రక్షణ ఉందనీ, తెల్లవారి చర్మానికి అది 3.4 అనీ తేలింది. మన పిల్లల చర్మం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ రంగు వాళ్ల సొంత గొడుగు. ఎర్రబడితే, దురద పెడితే, బొబ్బలొస్తే వైద్యం చేయిద్దాం. నల్లబడితే వైద్యం అక్కర్లేదు.

తెల్లబడాలన్న తపనతోనే మరో ప్రమాదం ఇళ్లలోకి వస్తోంది. మొహం తెల్లబడుతుందని షాపుల్లో చేతికిచ్చే కొన్ని ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన వారానికి మచ్చలు మాయమైనట్టు కనబడతాయి, తర్వాత చర్మం పలుచబడి, ఎండ తగిలితే చాలు ఎర్రగా మండుతుంది. ఇలాంటి పూతల్ని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. ఎగ్జిమాకు వైద్యుడు లెక్క ప్రకారం ఇచ్చే స్టెరాయిడ్ వేరు, అది మేలు చేస్తుంది. చీటీ లేకుండా పిల్ల మొహానికి ఏ ట్యూబూ రాయకండి.

మరి ఎండ తగలకపోతే డి విటమిన్ ఎలా అని అడిగేవాళ్లకు న్యాయమైన కారణమే ఉంది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో సి.వి. హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనలు, ఎండకు కొదవ లేని మన ప్రాంతంలోనూ డి విటమిన్ కొరత విస్తారంగా ఉందని చూపించాయి. చర్మంలో ఆ విటమిన్ బాగా తయారయ్యేది పదకొండు, రెండు గంటల మధ్య అని కూడా ఆ బృందం చెప్పింది. అంటే మనం తప్పించుకోమంటున్న వేళే. మామూలు పిల్లలకు ఆ వేళలో కొద్ది నిమిషాల ఎండ పెద్ద సమస్య కాదు. ఎండ పడని పిల్లలకు మాత్రం రక్తపరీక్ష చేయించి చుక్కలో, మాత్రో తీసుకోవడం తేలిక. డి విటమిన్ సీసాలో దొరుకుతుంది, ఎండకు పుండైన చర్మం అంత సులువుగా మానదు.

చీకటే నేస్తమైనవాళ్లు

ఇంతవరకూ చెప్పినది దురద, మంటల సంగతి. కొద్దిమంది పిల్లలకు ఎండ ప్రాణం మీదికి తెస్తుంది. జీరోడెర్మా పిగ్మెంటోసం అనే జబ్బును 1870ల్లో వియన్నాలో కపోసి మొదట వర్ణించాడు. ఎండ వల్ల కణాల్లోని డీఎన్ఏకు జరిగే గాయాన్ని ఈ పిల్లల ఒళ్లు బాగు చేసుకోలేదని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విడమరిచిన అజీజ్ సాంజార్‌కు 2015లో నోబెల్ వచ్చింది. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుంది. అందుకే మేనరికాలు ఎక్కువైన మన దక్షిణాదిలో దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అల్బినిజం వచ్చే దారీ చాలావరకు అదే. ఆ పిల్లలకు పుట్టుకతోనే మెలనిన్ ఉండదు, లేదా చాలా తక్కువ. మన ఊరి ఎండలో వాళ్ల చర్మానికి ఏ కాపూ లేదు, చూపు కూడా మందంగా ఉంటుంది.

రెండేళ్లలోపు పిల్లకు ఎండ పడే చోటే గోధుమ రంగు చుక్కలు విరివిగా వస్తుంటే, వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటుంటే, పది నిమిషాల ఎండకే బొబ్బలొస్తే క్రీముల ప్రయోగాలు ఆపి ఆ వారమే చర్మవైద్యుడికి చూపించాలి. బుగ్గల మీద, ముక్కు మీద ఎర్రటి పూతతో పాటు జ్వరం, కీళ్లనొప్పులు ఉంటే లూపస్ కావచ్చు, అదీ ఆలస్యం చేయకూడనిదే. ఈ పిల్లలకు ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టవచ్చా, స్కూలు బస్సు అద్దాలకు యూవీ ఫిల్మ్ వేయాలా, ఏ వేళలో ఆడించవచ్చు అన్నవి వైద్యుడితో కూర్చుని ఒక్కొక్కటీ తేల్చుకోవాలి. కిటికీకి దూరంగా, బోర్డుకు దగ్గరగా ఉండే బెంచీ ఇమ్మనీ, ఆరుబయట ప్రార్థన నుంచి మినహాయించమనీ, తరగతి గదిలోనూ టోపీ, చలువ అద్దాలు ఉంచుకోనివ్వమనీ హెడ్మాస్టరుకు ఒక చీటీ రాసివ్వమని అదే వైద్యుణ్ని అడగండి. ఆ చీటీని జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజే ఇవ్వాలి.